వాయిదాకు వాయిదా



వాయిదా అనే మాటను మనం రెండు రకాలుగా వాడతాం. కోర్టు మెట్ల దగ్గర వాయిదా పడిందంటే, ఇవాళ్టికి ఆ పని లేదు, ఇంకో రోజుకు పోయిందని. బ్యాంకు మెట్ల దగ్గర వాయిదా వచ్చిందంటే, డబ్బు కట్టాల్సిన రోజు వచ్చి కూర్చుందని. మాట ఒక్కటే. ఒకచోట ఆగమంటుంది, ఇంకోచోట తెమ్మంటుంది.

పిల్లల చదువు కోసం బ్యాంకులో అప్పు చేసి, చదువైతే అయిపోయి, ఉద్యోగం రాకో, వచ్చిన ఉద్యోగం పోయో, నెలనెలా వాయిదా కట్టలేక నలిగిపోతున్న ఇళ్ల కోసం ఈ ప్రసంగం. ఆ ఇళ్లవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బ్యాంకు వాయిదాకు కూడా కోర్టు వాయిదా లాంటిది ఒకటుంది. అది దానంతటది రాదు. నోరు తెరిచి అడగాలి, అదీ బాకీ పడకముందే అడగాలి.

నేను ముప్పయ్యేళ్లకు పైగా బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం గుంటూరు, ప్రకాశం జిల్లాల బ్రాంచీల్లోనే గడిచింది. 2023 చివర్లో, మిరప కోతలు ఇంకా మొదలుకాని రోజుల్లో, ఒక సోమవారం పొద్దున ఒక రైతు నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. చేతిలో చీరల కొట్టువాళ్లు ఇచ్చే ప్లాస్టిక్ కవరు. అందులోంచి ఒక్కొక్కటే తీసి టేబుల్ మీద పెట్టాడు. పాస్‌బుక్కు, ఆధార్ జిరాక్సులు, బ్యాంకు నుంచి వెళ్లిన మూడు నోటీసులు, కొడుకు ఇంజనీరింగ్ సర్టిఫికెట్టు జిరాక్సు. అన్నిటికన్నా అడుగున ఒక ఆఫర్ లెటరు. ఆ లెటరు నాలుగు మడతల దగ్గరా నలిగి చిరగడానికి సిద్ధంగా ఉంది. ఎంతమందికి తీసి చూపించాడో పాపం. ఉద్యోగం ఇస్తామన్న మాట అందులో ఉంది, ఎప్పుడు చేరాలన్న తేదీ లేదు. ఆ రోజుల్లో కాలేజీ క్యాంపస్‌లో సెలెక్టయి, ఆఫర్ లెటరు పట్టుకుని, నెలల తరబడి కంపెనీ పిలుపు కోసం ఎదురుచూసిన పిల్లలు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వీధికి ఒకరున్నారు. ఈ రైతు కొడుకూ వాళ్లలో ఒకడు.

ఆయన చొక్కా లోపలి జేబులోంచి ఐదు వందల నోట్ల కట్ట తీశాడు. "మూడు వాయిదాలకు సరిపోతాయి సార్. లెక్క చూసుకోండి" అన్నాడు.

మిరప ఇంకా చేలోనే ఉంది. పిల్లాడికి జీతం లేదు. ఈ డబ్బు ఎక్కడిదని అడగకుండా ఉండలేకపోయాను.

"తెలిసినాయన దగ్గర తెచ్చానండి. రెండు రూపాయల వడ్డీ."

మన ఊళ్లలో వడ్డీ లెక్క అందరికీ తెలిసిందే. రెండు రూపాయలంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. ఆయన కొడుకు పేరున మా దగ్గరున్న అప్పుకు వడ్డీ ఏడాదికి నూటికి పది. అంటే ఊరి లెక్కలో నెలకు ఎనభై మూడు పైసలు. ఎనభై మూడు పైసల అప్పు తీర్చడానికి ఆయన రెండు రూపాయల అప్పు తెచ్చాడు. పరువుకు భయపడి తెచ్చాడు. నోటీసుకు భయపడి తెచ్చాడు.

ఆ మూడు నోటీసులూ ఇంగ్లిషులో ఉన్నాయి. బాకీ ఎంతో, గడువు ఎప్పుడో, కట్టకపోతే ఏం చర్య తీసుకుంటామో వాటిలో వివరంగా ఉంది. కష్టంలో ఉంటే వచ్చి మాట్లాడండి, కొన్నాళ్లు ఆపే వీలుంది అన్న ఒక్క వాక్యం మూడింటిలో ఎక్కడా లేదు. మూడింటి కిందా ఉన్న సంతకం నాదే. ఆ పూట ఆయన ముందు తలెత్తి కూర్చోవడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ వీలు ఉందని తెలిసినవాణ్ణి నేను. అచ్చువేసిన నోటీసు మీద సంతకం పెట్టి పంపడం అలవాటై, దాన్ని అందుకునే ఇల్లు ఎలాంటిదో ఆలోచించడం మానేశాను. ఈవేళ రేడియోలో మాట్లాడమని అడిగితే వెంటనే ఒప్పుకోవడానికి కారణం ఆ సోమవారమే.

ఇప్పుడు ఆ వీలు ఏమిటో చెబుతాను.

విద్యారుణాలకు మన దేశంలో ఒక నమూనా పథకం ఉంది. భారతీయ బ్యాంకుల సంఘం తయారుచేసింది, 2001 నుంచి నడుస్తోంది, మధ్యలో చాలాసార్లు సవరించారు. ఆ పథకం ప్రకారం చదువు సాగినన్నాళ్లూ, చదువు ముగిశాక ఇంకో ఏడాదీ వాయిదాలు కట్టక్కర్లేదు. దీన్నే మారటోరియం అంటారు. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది ఆ తర్వాతి మాట. 2015లో సవరించిన నమూనాలో, అప్పు తీర్చే కాలం మొదలయ్యాక కూడా ఉద్యోగం లేని రోజులు, చదువుకు తగ్గ ఉద్యోగం దొరకని రోజులు వస్తే వాయిదాలు ఆపే వీలు చేర్చారు. అప్పు తీరేలోగా రెండు మూడుసార్లు, సాధారణంగా ఒక్కోసారి ఆరు నెలలకు మించకుండా. సొంతంగా ఏదైనా సంస్థ పెట్టుకుందామనుకునే పిల్లలకు, అది నిలదొక్కుకునే దాకా ఆగే వీలు కూడా ఉంది. తీర్చే గడువును పదిహేనేళ్ల దాకా ఇవ్వొచ్చని కూడా అందులోనే ఉంది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నమూనా అంటే నమూనాయే. ప్రతి బ్యాంకూ దాన్ని తన బోర్డులో పెట్టి, తనకు తగ్గట్టు మార్చుకుని అమలు చేస్తుంది. కాబట్టి మీ బ్యాంకులో ఎన్నిసార్లు, ఎన్ని నెలలు అన్నది మీ బ్యాంకునే అడిగి తెలుసుకోవాలి. బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీల దగ్గర తీసుకున్నవాళ్లకు ఈ నమూనా వర్తించదు. వాళ్లు తాము సంతకం పెట్టిన ఒప్పంద పత్రం తీసి చూసుకోవాలి. అయినా అడగకూడదని ఎక్కడా లేదు. అప్పిచ్చినవాడికి కేసు కన్నా వసూలే మేలు.

మాఫీ మాట కూడా ఇక్కడే తేల్చుకుందాం. 2014 తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ పంట రుణాల మాఫీ చూశాం. అప్పటినుంచి బ్యాంకు అప్పు ఏదైనా సరే, కొన్నాళ్లు ఓపిక పడితే మాఫీ అవుతుందేమోనన్న ఆశ ఇళ్లలో పాతుకుపోయింది. ఆ ఆశతో చదువు అప్పు వాయిదాలు ఆపేసి, చివరికి కోర్టు కాగితాలు అందుకున్నవాళ్లను నేనెరుగుదును. ఆపడం వేరు, మాఫీ వేరు. వాయిదా ఆగుతుంది. వడ్డీ ఆగదు. రాత్రి మనం పడుకున్నాక కూడా అది నడుస్తూనే ఉంటుంది.

ఆ రైతు కొడుకు అప్పే లెక్క వేసి చూపిస్తాను. కాగితం ఉంటే మీరూ వేసుకోండి. నాలుగేళ్ల చదువుకు ఏడాదికో లక్ష చొప్పున నాలుగు లక్షలు ఇచ్చాం. చదువుకునే రోజుల్లోనూ, ఆ తర్వాతి ఏడాదిలోనూ బారువడ్డీయే పడుతుంది, వడ్డీ మీద వడ్డీ పడదు. మొదటి లక్షకు ఐదేళ్ల వడ్డీ యాభై వేలు, రెండో లక్షకు నలభై, మూడో దానికి ముప్పై, నాలుగోదానికి ఇరవై. మొత్తం లక్షా నలభై వేలు. అంటే వాయిదాలు మొదలయ్యే రోజుకు బాకీ 5,40,000. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 7,136 రూపాయలు.

ఇప్పుడు ఆరు నెలలు ఆపామనుకోండి. నెలకు నాలుగున్నర వేల చొప్పున 27,000 వడ్డీ బాకీకి కలుస్తుంది. బాకీ 5,67,000 అవుతుంది. అక్కణ్ణుంచి పదేళ్లంటే నెలకు 7,493. పాత వాయిదా కన్నా 357 రూపాయలు ఎక్కువ. పదేళ్లకూ కలిపితే దాదాపు 43 వేలు అదనం. ఇది చిన్న మొత్తం కాదు. ఆరు నెలల ఊరటకు చెల్లించే ధర అది. ఆ ధర తెలిసే అడగాలి.

కానీ ఆ రైతు చేసిన పనితో పోల్చి చూడండి. అదే ఆరు వాయిదాల డబ్బు, అంటే దాదాపు 43 వేలు, రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 850 పైచిలుకు వడ్డీకే పోతుంది. అసలు అణా పైసా తరగదు. పైగా నెల తిరిగేసరికి ఆ వడ్డీతోపాటు బ్యాంకు వాయిదా కూడా ఎదురుగా నిలబడుతుంది. బ్యాంకులో వాయిదా ఆపమని అడగడానికి సిగ్గుపడి, బయట రెండు రూపాయలకూ మూడు రూపాయలకూ చేయి చాచే ఇళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

పూర్తిగా ఆపడమే దారి కానక్కర్లేదు. చేతిలో కాస్తయినా ఆడుతుంటే ఇంతకన్నా మంచి దారులున్నాయి. మొదటిది, వడ్డీ మాత్రం కట్టడం. ఈ లెక్కలో 7,136 బదులు 4,500. అసలు తగ్గదు, కానీ బాకీ పెరగదు. కుర్రాడు చిన్న ఉద్యోగంలో ఉన్నప్పుడు, ట్యూషన్లు చెప్పుకుంటున్నప్పుడు దీనికి మించింది లేదు. రెండోది, గడువు పెంచుకోవడం. పదేళ్లను పదిహేనేళ్లు చేస్తే వాయిదా 5,803కి దిగుతుంది. నెలకు పదమూడు వందలు మిగిలినట్టు కనబడుతుంది. చివరికి కట్టే మొత్తం మాత్రం 8,56,000 నుంచి 10,44,000కు పోతుంది. లక్షా ఎనభై ఎనిమిది వేలు ఎక్కువ. అందుకని గడువు పెంచుకున్నా, చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడల్లా ముందే కొంత కట్టేస్తూ ఉండాలి. బ్యాంకు విద్యారుణాన్ని ముందుగా తీర్చినందుకు జరిమానా ఉండదు. మూడోది, మెట్లు మెట్లుగా పెరిగే వాయిదా. మొదటి రెండేళ్లు తక్కువ, జీతం పెరిగేకొద్దీ ఎక్కువ. పిల్లల జీతాలు పెరిగే తీరుకు ఇది సరిగ్గా సరిపోతుంది. నమూనా పథకంలో దీనికీ చోటుంది. ఎందుకో మరి, దీన్ని అడిగినవాళ్లు నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపుంటే కేంద్ర ప్రభుత్వ వడ్డీ రాయితీ సంగతి కూడా అడగండి. వృత్తి విద్య, సాంకేతిక విద్య మన దేశంలోనే చదివినవాళ్లకు 2009 నుంచి ఉంది. చదువు కాలానికీ, ఆ తర్వాతి ఏడాదికీ వడ్డీని ప్రభుత్వమే భరిస్తుంది. ఆ ఏడాది దాటాక మనం అడిగి ఆపించుకున్న నెలల వడ్డీ మాత్రం మనమీదే పడుతుంది.

మారటోరియం అనే మాట ఊళ్లలో అందరి నోళ్లలోకి వచ్చింది కరోనా ఏడాదిలో. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు అన్ని టర్మ్ లోన్ల వాయిదాలనూ మూడు నెలలు ఆపుకోనివ్వొచ్చని బ్యాంకులకు అనుమతి ఇచ్చింది. మేలో ఇంకో మూడు నెలలు పొడిగించింది. అలా ఆగస్టు 31 దాకా నడిచింది. చాలామంది అప్పుడు ఆ ఆరు నెలల డబ్బూ రద్దయిందనుకున్నారు. సెప్టెంబరులో వాయిదా పెరిగిందనో, గడువు పెరిగిందనో మెసేజ్ వచ్చేసరికి బ్యాంకు మోసం చేసిందని మా కౌంటర్ల మీదికి వచ్చారు. వాళ్ల కోపంలో తప్పు లేదు, ఎవరూ విడమరిచి చెప్పలేదు. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ మధ్యలో కేంద్రం రెండు కోట్ల లోపు అప్పులకు, చదువు అప్పులతో సహా, ఆ ఆరు నెలల చక్రవడ్డీకీ బారువడ్డీకీ ఉన్న తేడాను తిరిగి జమ చేసింది. 2021 మార్చి 23న సుప్రీంకోర్టు, ఆ ఆరు నెలలకు వడ్డీ మీద వడ్డీ ఎవరి దగ్గరా తీసుకోకూడదంది. వడ్డీని మొత్తంగా రద్దు చేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. బ్యాంకులు డిపాజిటర్లకు వడ్డీ ఇవ్వాలి కదా అన్నది అక్కడ చెప్పిన కారణాల్లో ఒకటి. నిజమే. మన అప్పు ఇంకొకరి దాచుకున్న డబ్బు. మన వీధి చివర పింఛనుదారు ఫిక్స్‌డ్ డిపాజిట్టే మన పిల్లాడి ఫీజు అయింది.

ఇక ఆలస్యం సంగతి. వాయిదా తేదీ దాటిన రోజునుంచే బ్యాంకు కంప్యూటరు రోజులు లెక్కపెడుతుంది. ముప్పై రోజులకు ఒక మెట్టు, అరవైకి ఇంకో మెట్టు. తొంభై రోజులు దాటితే ఆ ఖాతా మొండి బాకీల్లో చేరుతుంది. తొంభై లోపు వచ్చి అడిగినవాడికి చేయడానికి మేనేజరు చేతిలో చాలా ఉంటుంది. తొంభై దాటాక వచ్చినవాడికి చాలా తక్కువ. మనవాళ్లు సరిగ్గా దానికి తిరగేసి చేస్తారు. మొదటి నెల, ఏదో సర్దుదాం అనుకుంటారు. రెండో నెల బ్యాంకు ఫోన్ ఎత్తరు. మూడో నెల ఆ నంబరు బ్లాక్ చేస్తారు. నాలుగో నెల ఎవరినైనా పెద్దమనిషిని వెంటబెట్టుకుని వస్తారు. వచ్చే ఆ పెద్దమనిషి మొదటి నెలలోనే వస్తే ఎంత బాగుండును!

ఇందులో తండ్రులకు తెలియని చిక్కు ఒకటుంది. చదువు అప్పులో తల్లో తండ్రో ఉమ్మడి రుణగ్రహీతగా సంతకం పెడతారు. జామీను ఉన్నట్టు కాదు, అప్పు వాళ్లదీ అన్నట్టే. పిల్లాడి ఖాతా చెడితే తండ్రి అప్పుల చరిత్ర చెప్పే సిబిల్ రిపోర్టు మీదా ఆ మచ్చ పడుతుంది. రేపు చెల్లెలి చదువుకు అప్పు కావాలని అదే తండ్రి వస్తే, పాత రిపోర్టు అడ్డం నిలబడుతుంది. అన్న వాయిదా ఆగిపోయి చెల్లెలి అడ్మిషను ఆగిపోయిన ఇల్లు ఒకటి నాకు తెలుసు. ఆ అమ్మాయి నర్సింగ్ సీటు వచ్చిందన్న కాగితం పట్టుకుని బ్రాంచిలో బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుంది.

అమెరికాలో చదువుతున్న మన పిల్లల తల్లిదండ్రులకు రెండు మాటలు. అక్కడి విద్యార్థులకు వాళ్ల ప్రభుత్వమే ఇచ్చే రుణాల్లో కష్టకాలంలో వాయిదా ఆపుకునే ఏర్పాట్లు, ఆదాయాన్ని బట్టి తగ్గించుకునే ఏర్పాట్లు ఉన్నాయి. రూమ్మేటు చెబితే విని మన పిల్లలు తమకూ ఉన్నాయనుకుంటారు. విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లకు ఆ ప్రభుత్వ రుణాలే దొరకవు. మనవాళ్ల అప్పు విజయవాడలోనో వరంగల్లోనో ఉంది, చాలాసార్లు ఇల్లో పొలమో తాకట్టు మీద ఉంది. ఏడున్నర లక్షలు దాటిన అప్పుకు మామూలుగా ఆస్తి హామీ అడుగుతారు. అక్కడ చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతి మీద ఉద్యోగం వెతుక్కునే కాలంలో మొత్తం తొంభై రోజులకు మించి ఖాళీగా ఉండకూడదన్న నియమం ఒకవైపు, ఇక్కడ వాయిదా తొంభై రోజుల లెక్క ఇంకోవైపు. ఆ కుర్రాడు నిద్రపోతాడా చెప్పండి? వాడు మీకు ఫోన్లో అంతా బాగుంది నాన్నా అంటాడు. మీరూ ఇక్కడ అంతా బాగుంది అంటారు. ఈ దాపరికం మధ్యలో నోటీసు వస్తుంది. ఒకసారి వీడియో కాల్‌లో ఇద్దరూ అప్పు స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని కూర్చోండి. వాయిదా ఆపమనే అర్జీ అక్కణ్ణుంచి ఈమెయిల్లో పంపొచ్చు, అదే కాగితాన్ని మీరు ఇక్కడ బ్రాంచిలో ఇవ్వొచ్చు. తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద నోటీసు వచ్చినా అరవై రోజుల గడువుంటుంది. ఆ గడువులో మీ అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇస్తే, బ్యాంకు పదిహేను రోజుల్లో జవాబు చెప్పి తీరాలి. కాబట్టి నోటీసు వచ్చిందని ఇల్లు అమ్మకానికి పెట్టకండి, ముందు జవాబు రాయండి.

వసూలు ఏజెంట్లు ఫోన్ చేస్తే భయపడకండి. పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత వాళ్లు ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. చుట్టాలకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీయడం కూడా తప్పే. అలా జరిగినా, మీ అర్జీకి ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, జవాబు అన్యాయంగా ఉన్నా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఖర్చేమీ ఉండదు. ఎలా చేయాలో 14448కి ఫోన్ చేస్తే చెబుతారు. అయితే ముందు బ్యాంకుకు రాసి ఉండాలి. రాసిన రుజువు ఉండాలి. అందుకే ఏదైనా కాగితం మీద పెట్టమని చెబుతున్నాను.

నా తోటి బ్యాంకు ఉద్యోగులు ఎవరైనా వింటుంటే వాళ్లకూ ఒక మాట. కౌంటరు అవతల నిలబడ్డ కుర్రాడికి ఇరవై రెండేళ్లు. జీవితంలో మొదటిసారి అప్పు అనే మాటను తన పేరు పక్కన చూస్తున్నాడు. తెలుగులో ఒక్క నిమిషం చెప్పండి. నోటీసు అడుగున ఖాళీలో, కష్టంలో ఉంటే వచ్చి మాట్లాడండి అని పెన్నుతో ఒక వాక్యం రాయండి. నేను చివరి ఏడాదంతా రాశాను. నోటీసు అందుకుని వచ్చేవాళ్లు పెరిగారు. అంతకుముందు అన్నేళ్లు రాయలేదే అన్న బాధ మాత్రం నాతోనే ఉంది.

ఆ రైతు సంగతి చెప్పాలి. ఆ డబ్బులో ఒక్క వాయిదాకు సరిపడా కట్టించుకున్నాం, తొంభై రోజుల లెక్క దాటకుండా. మిగతాది ఆ సాయంత్రమే తెచ్చినచోట ఇచ్చేయమన్నాను. మర్నాడు కొడుకును తీసుకొచ్చాడు. అర్జీ ఆ కుర్రాడి చేతే రాయించాను, అది తన అప్పు కాబట్టి. ఐదు నెలలు వాయిదా ఆగింది. ఆ ఆఫర్ లెటరు ఉద్యోగం చివరికి రాలేదు. హైదరాబాదులో ఇంకో చిన్న సంస్థలో పద్దెనిమిది వేల జీతానికి చేరాడు. అప్పుడు మళ్లీ వచ్చి, ఏడాదిపాటు వడ్డీ మాత్రం కడతానని అడిగాడు. ఈసారి తండ్రి రాలేదు, తనే వచ్చాడు. కవరు మాత్రం అదే చీరల కొట్టు కవరు.

ఇప్పుడు ఆ అర్జీ ఎలా రాయాలో చెబుతాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. నెమ్మదిగా చదువుతాను. తెలుగులోనే రాయండి, చెల్లుతుంది.

"బ్రాంచి మేనేజరు గారికి. నా పేరు ఫలానా. మీ బ్రాంచిలో ఫలానా నంబరు విద్యారుణం ఖాతా నాది. నా చదువు ఫలానా నెలలో పూర్తయింది. నాకు ఇంకా ఉద్యోగం దొరకలేదు." ఉద్యోగం పోయి ఉంటే, ఫలానా తేదీన పోయిందని రాయండి. ఇంట్లో జబ్బు వల్ల అయితే అది రాయండి. ఉన్నది ఉన్నట్టు రాయండి, పెంచి రాయొద్దు. "నెలకు ఇంత కట్టాల్సిన వాయిదాను కట్టే స్థితిలో లేను. ఈ నెల నుంచి ఆరు నెలలు వాయిదాలు నిలిపివేయవలసిందిగా కోరుతున్నాను." లేదా, "ఈ ఆరు నెలలు వడ్డీ మాత్రం, నెలకు ఇంత చొప్పున, కట్టగలను." కట్టగలిగిన అంకె తప్పకుండా రాయండి. మేనేజరు కన్ను ముందు దానిమీదే పడుతుంది. "నిలిపిన కాలానికి వడ్డీ ఎంత కలుస్తుందో, ఆ తర్వాత వాయిదా ఎంత అవుతుందో, సిబిల్‌కు దీన్ని ఏమని తెలియజేస్తారో నాకు రాతపూర్వకంగా తెలుపగలరు. నా సేవింగ్స్ ఖాతా నుంచి ఆటో డెబిట్ కూడా అప్పటిదాకా నిలపగలరు." ఈ చివరి వాక్యం మరిచిపోవద్దు. వాయిదా ఆగినా ఆటో డెబిట్ ఆగకపోతే, ఖాతాలో డబ్బు లేక అది తిరిగొచ్చిన ప్రతిసారీ చార్జీ పడుతుంది.

కింద సంతకం, తేదీ, ఫోన్ నంబరు. ఉమ్మడి రుణగ్రహీత సంతకం కూడా పెట్టించండి. వెనక జతపరచాల్సినవి, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఉద్యోగం పోయినట్టు కంపెనీ పంపిన మెయిలు ఉంటే అది, జబ్బయితే ఆసుపత్రి కాగితాలు, తండ్రి ఆదాయ ధ్రువపత్రం.

రెండు కాపీలు తీసుకువెళ్లండి. ఒకటి బ్యాంకులో ఇచ్చి, రెండోదానిమీద అందినట్టు ముద్ర, తేదీ, తీసుకున్నవారి సంతకం వేయించుకోండి. పనుల ఒత్తిడిలో తర్వాత రమ్మంటే, పక్కన కూర్చుని వేయించుకునే లేవండి. ఆ కాపీని పాస్‌బుక్కు ఉన్న కవర్లోనే పెట్టుకోండి.